పంటి కింద దారం

పోయిన వారం మనం కపితోలీనాను ముసలి జాలరి ప్రోఖోర్ పడవలో, మడుగులో రెల్లు మధ్య వదిలేసి ఎవరి పని మీద వాళ్ళం వెళ్ళిపోయాం. ఆవిడకు మాత్రం మధ్యలో వారం లేదు. పడవ దిబ్బకు చేరింది, దిగింది, ఇప్పుడు ప్రోఖోర్ ఇంట్లో బల్ల ముందు కూర్చుని ఉంది. కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి నేనూ లోపలికి వస్తాను.

యుద్ధంలో కపితోలీనా ఆడవాళ్ళ బాంబర్ దళంలో మెకానిక్. చెక్కా గుడ్డా కలిపి చేసిన చిన్న విమానాలు, నెత్తిన కప్పు కూడా ఉండదు. రాత్రిళ్ళు వాటిలో వెళ్ళి శత్రువు మీద బాంబులు వేసి వచ్చింది ఇరవయ్యేళ్ళ పిల్లలు. ఆ పిల్లల వస్తువులన్నీ చెల్లాచెదరైపోతున్నాయని, ఉద్యోగం మానేశాక ఆవిడ సంచీ భుజాన వేసుకుని రైళ్ళెక్కి ఊరూరా తిరుగుతోంది. ఒకావిడ దగ్గర నీలం దారంతో పువ్వులు కుట్టుకున్న, బూటు లోపల చుట్టుకునే కాలిగుడ్డ దొరికింది, ఇంకొకావిడ దగ్గర విమానం రేకుతో చేసుకున్న దువ్వెన. ఇస్తూ ఏడ్చినవాళ్ళున్నారు. "ఇప్పుడెందుకే అవన్నీ, పోయి మనవల్ని ఆడించుకో" అని తలుపు వేసినవాళ్ళూ ఉన్నారు. పోగుచేసినవన్నీ పట్నం మ్యూజియంలో గోడకెక్కబోతున్నాయి. అందరి ఫొటోలూ పెడతారు, ఒక్క వార్యా ఫొటో తప్ప.

వార్యా కపితోలీనా విమానానికి పైలట్. పందొమ్మిది వందల నలభై మూడు వసంతంలో, అప్పట్లో జర్మన్ల చేతిలో ఉన్న ఈ మడుగుల మీద కూలిపోయింది. వెనక సీట్లో ఉన్న నీనా శవం దొరికింది, గౌరవంగా పూడ్చిపెట్టారు. వార్యా దొరకలేదు. 'ఆచూకీ లేదు' అని రాశారు. ఆ మాట వెనకాల ఏ అనుమానం ఉంటుందో అందరికీ తెలుసు, శత్రువు పంచన చేరిందేమో అని. వార్యా కూతురు అస్యాను కపితోలీనాయే పెంచింది. తల్లిలాగే విమానం నడుపుతానని వెళ్ళిన ఆ పిల్లను "మీ అమ్మ సంగతి తేలలేదు కదా" అని వెనక్కి పంపేశారు. ఆ రోజు అస్యా మొహం చూసిన కపితోలీనా, ఈ సంగతి తేల్చకుండా చావకూడదని ఒట్టు పెట్టుకుంది.

ఇటీవల ఈ మడుగు వైపు ఉత్తరాలు పంచే ఆవిడ మ్యూజియానికి ఒక తోలు టోపీ తెచ్చింది. ప్రోఖోర్ భార్య ఉల్యానా, మతి నిలకడ లేని ముసలమ్మ, "ఆ పిల్ల తాలూకు వాళ్ళకివ్వు" అని చేతిలో పెట్టిందట. టోపీ వార్యాదే. గడ్డం కింద పట్టీకి బకిల్ విరిగిపోయి కొత్తది దొరక్కపోతే, ఎగిరే ముందు కపితోలీనా ఆ పట్టీని వార్యా గడ్డం కిందే నల్లదారంతో కుట్టేసేది, తిరిగొచ్చాక కత్తిరించేది. ఆ కుట్ల వల్లే వార్యా ఆవిణ్ణి 'సూదిపిల్లా' అనేది. నలుగురిలో కాదు, వాళ్ళిద్దరూ ఉన్నప్పుడే. వార్యాతో పాటే ఆ పేరూ పోయింది.

టోపీ పట్టీకి కపితోలీనా సూది చేసిన రంధ్రాలు ఇంకా ఉన్నాయి. వాటి మీద ఉన్న కుట్టు మాత్రం ఆవిడది కాదు. తారు పట్టించిన వల దారం, జాలర్ల ముడి. ఆ కుట్టు చెక్కుచెదరలేదు. దాని పక్కనే తోలు కత్తివేటుకు తెగి ఉంది. అంటే వార్యా బతికే నేలకు దిగింది, ఎవరో జాలరి ఇంట్లో ఆమె గడ్డం కింద పట్టీ మళ్ళీ కుట్టారు. ఆ ఎవరో ఎవరని అడగడానికే ఈ ప్రయాణం. కానీ మనావిడ నోరు ఊరుకోదే! పడవలోనే జారింది, "ఈ కుట్టు నాది కాదు" అని. ప్రోఖోర్ ఇంజను ఆపి ఆమె వైపు తిరిగి చూశాడు. అక్కడ ఆగాం.

"తినండి, యెగోరోవ్నా. చల్లారితే చేపల చారు నీచు కొడుతుంది," అన్నాడు ప్రోఖోర్.

డెబ్భై దాటినా మనిషి దిట్టంగా ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చొక్కా ఉతికినది. పల్లెటూరి మర్యాద ప్రకారం తండ్రి పేరుతో 'యెగోరోవ్నా' అని పిలుస్తున్నాడు. పడవలో ఆ చూపు తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంజను మళ్ళీ తిప్పి, నెమ్మదిగా తెచ్చి, చెయ్యిచ్చి దింపాడు. ఆ మర్యాదే కపితోలీనాకు భయంగా ఉంది. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

చెంచాడు నోట్లో పెట్టుకుంది. చారులో ఉప్పు లేదు.

ప్రోఖోర్ నవ్వి, జేబులోంచి చిన్న గుడ్డ మూట తీసి విప్పాడు. "వేసుకోండి. మా ఇంట్లో ఎవరి ఉప్పు వాళ్ళదే. ఈ ముసలిది ఉప్పు ముట్టదు, వంటలో వెయ్యదు. యుద్ధం నాటి నుంచీ ఇదే తంతు. డాక్టరు వద్దన్నాడా అంటే లేదు. జాలరి పెళ్ళాం ఉప్పు ముట్టదంటే నలుగురూ నవ్వరూ?"

"నవ్వుకోనీ," అంది ఉల్యానా పొయ్యి దగ్గర నుంచి. వెనక్కి తిరగలేదు.

"చూశారా? రోజంతా పలకదు. పలికితే ఇదీ వరస."

కపితోలీనా ఉప్పు తీసుకోలేదు. ఎందుకో ఆ మూటలో వేళ్ళు పెట్టబుద్ధి కాలేదు. సంచీలోంచి టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది ఎక్కడ దొరికిందో ఇంకోసారి చెప్పండి, ప్రోఖోర్ సావ్విచ్. మ్యూజియం వాళ్ళకు నేను చెప్పుకోవాలి కదా."

"పడవలో చెప్పాను కదమ్మా. విమానం పడ్డ మర్నాడు వలలెత్తడానికి వెళ్తే వలలో చిక్కింది. మనిషీ లేదు, ఇంకేమీ లేదు. వట్టి టోపీ."

"మరి ఈ కుట్టు?"

"నేనే వేశాను. పట్టీ ఊడి ఉంటే. చలికి పెట్టుకుందామని."

కపితోలీనా టోపీ వంక చూసింది, అతని తల వంక చూసింది. వార్యా తల చిన్నది. దళంలో అన్నీ మగవాళ్ళ కొలతలే వస్తే, ఈ టోపీని కపితోలీనాయే విప్పి, చిన్నది చేసి కుట్టింది. ప్రోఖోర్ తల గుమ్మడికాయంత ఉంది.

అతనికీ ఆ చూపు అర్థమైంది. "పట్టలేదు," అని పకపకా నవ్వాడు. "అందుకే మూల పడేశాను. మీరు భలేవారు, యెగోరోవ్నా, పోలీసు అడిగినట్టు అడుగుతారు."

ఆ మాటతో ఆమెకు పేపర్లో చదివింది గుర్తొచ్చింది. అప్పట్లో జర్మన్లకు మనుషుల్ని పట్టించినవాళ్ళను ఇప్పటికీ వెతికి పట్టుకుంటున్నారు. పోయిన ఏడు పొరుగు జిల్లాలో ఒకణ్ణి కోర్టుకెక్కించారు. మనవళ్ళున్నవాడు, తోటమాలి, చుట్టుపక్కల అందరికీ మంచివాడు. కాల్చేశారు. ఆ వార్త ఈ ఇంట్లోనూ ఎవరో చదివే ఉంటారు.

"మీరిక్కడికి వచ్చినట్టు ఇంట్లో చెప్పి వచ్చారా?" అడిగాడు ప్రోఖోర్, రొట్టె తుంచుతూ. "ఆలస్యమైతే కంగారుపడతారని అడుగుతున్నాను."

"చెప్పాను. అందరికీ తెలుసు."

అబద్ధం. ఎవరికీ చెప్పలేదు. ఏమీ తేలకపోతే అస్యా మళ్ళీ కుంగిపోతుందని, ఊరికే ఊరెళ్ళొస్తానని బయల్దేరింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆవిడ చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడూ వేడెక్కాయి. అతను చూశాడు. రొట్టె ముక్క చారులో ముంచుకుని, నిదానంగా నమిలి మింగాడు.

"మంచిదే," అన్నాడు. "చెప్పి రావడమే మంచిది. ఈ మడుగులో దారి తప్పినవాళ్ళు దొరకరు."

లేచాడు. చేపలు కోసిన కత్తి బల్ల మీద ఉంది, తీసి గుడ్డకు అటూ ఇటూ తుడిచి నడుముకున్న ఒరలో పెట్టుకున్నాడు. జాలరి కత్తి నడుమునే ఉంటుంది, అందులో వింతేముంది? అయినా కపితోలీనా కళ్ళు ఒకసారి ఆ కత్తి మీదికి, ఒకసారి తెగిన పట్టీ మీదికి తమంతట తామే పోయాయి.

"పొగమంచు దిగుతోంది. పడవలో డీజిల్ పోసి పిలుస్తాను. ఇంకా ఆలస్యం చేస్తే దారి కనబడదు." గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "ముసలిదాని మాటలు పట్టించుకోకండి. ఉన్నవీ లేనివీ కలిపి చెబుతుంది. దాని మతి ఎప్పుడో పోయింది."

చెక్కల వంతెన మీద అతని బూట్ల చప్పుడు దూరమైంది. కిటికీ అవతల రెల్లు కనబడటం లేదు. పట్టపగలే తెల్లగా మూసుకుపోయింది. ఈ దిబ్బ మీద వేరే ఇల్లు లేదు, వేరే పడవ లేదు. కపితోలీనా అరచేతులు లంగాకు తుడుచుకుంది. తడి ఆరడం లేదు.

"మళ్ళీ తెంపుకొచ్చావా, తల్లీ?"

ఉలిక్కిపడింది. ఉల్యానా పక్కనే నిలబడి ఉంది, టోపీ చేతిలోకి తీసుకుని తెగిన తోలు మీద వేలితో రాస్తోంది.

"ఎన్నిసార్లు కుట్టను నేను? పోనీలే, కూర్చో. చలిలో చెవులు కప్పుకోకుండా ఎలా పోతావు?"

"అమ్మా, నేను..."

"కూర్చోమన్నానా!"

కపితోలీనా కూర్చునే ఉంది. ముసలమ్మ ఆమె రుమాలు వెనక్కి లాగి, తల మీద టోపీ పెట్టి నొక్కింది. నెరిసిన జుట్టు ఆమెకు కనబడలేదో, కనబడినా వార్యా జుట్టులాగే తోచిందో. తోలుకు చేపనూనె వాసన. దాని అడుగున, కపితోలీనాకు మాత్రమే తెలిసే పెట్రోలు వాసన. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ టోపీ ఎన్నడూ తను పెట్టుకోలేదు. పెట్టుకోకూడదని వాళ్ళ దళంలో పట్టింపు, పైలట్ టోపీ మెకానిక్ పెట్టుకుంటే పైలట్ తిరిగి రాదని. ఇంకెవరు తిరిగి రావాలి కనుక!

ఉల్యానా రవికెకు గుచ్చుకున్న దబ్బనం తీసి, గోడకున్న కండె నుంచి వల దారం తెంపి ఎక్కించింది. ఇంకో చిన్న ముక్క తెంపి కపితోలీనా పెదాల దగ్గర పెట్టింది.

"పంటి కింద పట్టు. ఒంటి మీద ఉన్నది కుట్టేటప్పుడు దారం కొరికి పట్టకపోతే మతి కుట్టుకుపోతుంది. మాట్లాడకూడదు. తెలుసు కదా?"

తెలియకేం! తనూ వార్యాతో అదే పోరు పెట్టేది. దారం పట్టవే, మాట్లాడకే అంటే వినేది కాదు. దారం ఉమ్మేసి పాట అందుకునేది. కపితోలీనా నోరు తెరిచి దారం పట్టుకుంది. తారు చేదు నాలుకకు తగిలింది.

దబ్బనం గడ్డం కింద చర్మానికి తాకుతూ పోయింది.

"ఆ రోజు నువ్వు పట్టలేదు," అంది ఉల్యానా, మొదటి కుట్టు లాగుతూ. "నవ్వావు. 'మా మెకానిక్ కూడా ఇదే నస, అత్తా' అన్నావు. కాలు అంత వాచిపోయి ఉందా, అయినా నవ్వే. అటక మీద వలల మధ్య పడుకోబెడితే నిద్రలోనూ ఊరుకోలేదు. అస్యా, అస్యా అని కలవరింత. 'ఎవరే అస్యా' అంటే, 'నా బంగారం, ఇప్పుడు నడక వచ్చేసి ఉంటుంది' అన్నావు."

అడగాలి, ఎన్నో అడగాలి. కానీ నోరు తెరిస్తే దారం పడిపోతుంది. దారం పడిపోతే ఈ ముసలమ్మ చేతిలో ఆడుతున్నది కూడా పుటుక్కున తెగిపోతుందేమోనని భయం. పళ్ళు బిగించింది. కన్నీళ్ళు ముసలమ్మ వేళ్ళ మీద పడ్డాయి.

"ఏడవకు. కుట్టు వంకర పోతుంది. మనవాళ్ళ ఒడ్డుకు దింపుతానని ప్రోఖోర్ అంటే ఎంత సంబరపడ్డావు! 'టోపీ పెట్టుకునే పోతాను, దూరం నుంచి చూసి గుర్తుపడతారు, లేకపోతే మా పిల్లలే కాల్చేస్తారు' అన్నావు. అందుకే కదా కుట్టింది." ఇంకో కుట్టు. "తెల్లవారి వెళ్ళారు. మధ్యాహ్నానికి పడవ తిరిగొచ్చింది. నువ్వు లేవు. ఉప్పు బస్తా ఉంది."

బయట డీజిల్ డబ్బా మూత చప్పుడైంది. ఉల్యానా చెయ్యి ఆగింది. విని, మళ్ళీ కదిలింది. గొంతు మాత్రం బాగా తగ్గింది.

"జర్మన్ల ఉప్పు. తెల్లగా, సన్నగా, పిండిలా. అప్పట్లో మాకు ఉప్పెక్కడిది? పట్టిన చేపంతా కుళ్ళిపోయేది. బస్తా మీద నీ టోపీ పెట్టి తెచ్చాడు. 'ఊరెయ్యవే, చేపలు పాడవుతున్నాయి' అన్నాడు. ఊరేశాను, తల్లీ. ఆ ఉప్పు అయిపోయేదాకా ఊరేశాను. అందరూ తిన్నారు. బాగుందన్నారు."

కపితోలీనా కళ్ళు పక్కకు పోయాయి. బల్ల మీద గుడ్డ మూట అలాగే విప్పి ఉంది.

వార్యా ఎక్కడికీ పారిపోలేదు. అటక మీద పడుకుని కూతుర్ని కలవరించింది. తన వాళ్ళ దగ్గరికి వెళ్తున్నానని నవ్వుతూ పడవెక్కింది. ఈ మాట అస్యాకు చేరాలి. ఆ మ్యూజియం గోడ దగ్గరికి, వార్యా ఫొటో వద్దన్న పెద్దల మొహం మీదికి చేరాలి. చేర్చాల్సిన మనిషి ముందు ఈ దిబ్బ దాటాలి. దాటడానికి ఉన్నది ఒక్క పడవ. అది నడిపేది ఒక్కడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఇన్నేళ్ళు వెతికింది దొరికిన ఆ క్షణాన ఆవిడకు వార్యా గుర్తు లేదు, అస్యా గుర్తు లేదు. బతకాలని ఉంది, అంతే.

వంతెన చెక్కలు కిర్రుమన్నాయి. వస్తున్నాడు.

ఉల్యానా వంగి దారం కొరికింది. ఆమె పెదవులు కపితోలీనా గడ్డానికి తగిలాయి. వంగినది వంగినట్టే ఉండి గుసగుసలాడింది.

"నాకు ముందే తెలుసు. జర్మను వాడితో బేరమాడటం నా చెవులతో విన్నాను. విని కూడా కుట్టాను. నువ్వు దారం పట్టనంటే ఇద్దరిలో ఒకరైనా పట్టాలి కదా, నేనే పట్టాను. పంటి కింద పట్టి, నువ్వు గుమ్మం దిగేదాకా నోరు విప్పలేదు." ముసలి వేళ్ళు కపితోలీనా చెంపలను గట్టిగా పట్టుకున్నాయి. "ఇవాళ నా నోట్లో దారం లేదు. చెబుతున్నాను. ఆ పడవ ఎక్కకు, తల్లీ."

తలుపు తెరుచుకుంది.

ప్రోఖోర్ గుమ్మంలోనే నిలిచిపోయాడు. బల్ల ముందు, గడ్డం కింద కుట్టు పడ్డ తోలు టోపీతో, నోట్లో దారంతో, కన్నీళ్ళ మొహంతో ఒక ఆడమనిషి. అతని మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది. చెయ్యి తలుపు చట్టాన్ని పట్టుకుంది. భయపడింది తనొక్కతే కాదని కపితోలీనాకు అప్పుడు తెలిసింది. దాంతో భయం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

అతను తలుపు చట్టం వదిలాడు. ముసలిదాని వైపు చూడనేలేదు. లోపలికి వచ్చి, విప్పి ఉన్న ఉప్పు మూట శ్రద్ధగా ముడివేసి జేబులో పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు ఆ మర్యాద లేదు, 'మీరు' లేదు, 'యెగోరోవ్నా' లేదు.

"పోయేముందు అమ్మను పిలుస్తారంటారు అందరూ," అన్నాడు. "ఆ పిల్ల అమ్మను పిలవలేదు. వేరే పేరేదో పిలిచింది, అది ఎవరిదా అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. పడవలో నువ్వు కుట్టు సంగతి ఎత్తగానే తెలిసిపోయింది."

పక్కకు తప్పుకుని తలుపు బార్లా తెరిచాడు. పొగమంచులో ఎక్కడో ఇంజను అప్పటికే తిరుగుతోంది.

"రా, సూదిపిల్లా."